మండపం వెనక ఉలి గుర్తు

నంద్యాలకు సముద్రం లేదు. అందరికీ తెలిసిన సంగతే అయినా, కరపత్రం రాసిన రోజు నేను దాన్ని కాసేపు పక్కన పెట్టాను.

డెబ్బైల చివర్లో మాట. అప్పుడు నేను నంద్యాలలో ఒక కాలేజీలో ఫిజిక్స్ డిమాన్‌స్ట్రేటర్‌ని. అంటే, లెక్చరర్లు క్లాసులో చెప్పినవి ల్యాబులో నిజం కాకుండా పోయినప్పుడు పిల్లలకు సర్దిచెప్పే ఉద్యోగం. ఆదివారాలు గడవక కొందరం కలిసి ఒక నడక సంఘం పెట్టుకున్నాం. దానికి అధ్యక్షుడు లేడు, తీర్మానాలు లేవు, కాళ్ళుంటే చాలు. పొలాల గట్ల మీద మహానందికి నడిచి వెళ్ళాం. బేతంచెర్లలో నాపరాళ్ళ గనులు చూడబోయి అందరం ఒకే పూటలో జుట్టు నెరిసి తిరిగొచ్చాం. ఆ పొడి రెండు తలస్నానాలకు గాని వదల్లేదు.

ఆ డిసెంబరులో ఆళ్లగడ్డ దగ్గరి పాత చెరువు వంతు వచ్చింది. నల్లమల వాగులు వచ్చి పడే పెద్ద చెరువు. తవ్వించినవాళ్ళు పేరు పెట్టేటప్పుడు మొహమాటపడలేదు. పేరు చివర సముద్రం అని తగిలించారు. నేనెందుకు మొహమాటపడాలని, కరపత్రంలో "సముద్ర తీరాన సాయంకాలపు నడక. దారి చూపడానికి స్థానికులుంటారు. శిథిలాలు, జమ్ము మడుగులు, ఇష్టమైనవారికి ఈత" అని వేయించాను. అలలుంటాయా అని ఇద్దరు అడిగారు. గాలిని బట్టి ఉంటుందన్నాను. అబద్ధం కాదు.

దారి చూపే స్థానికుడు ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే ఒక పెద్దాయన. అరవై దాటినవాడు. కడప రోడ్డు పక్కన ఒక పందిరి కింద ఆయన పని. కాలేజీకి సరస్వతి విగ్రహం చేయించే పని మీద రెండు మూడుసార్లు వెళ్ళాను. విగ్రహం ఎప్పుడో పూర్తయింది, నేను వెళ్ళడం మాత్రం ఆగలేదు. ఆయన ఎడమ చేత్తో సుత్తి పట్టుకుని, రాయి మీంచి చూపు తియ్యకుండా, ఊళ్ళో ఉన్నవాళ్ళనీ పోయినవాళ్ళనీ కలిపి ఒకే వరసలో తిడుతుంటే వినడానికి బాగుండేది.

ఒకరోజు అక్కడ నోరు జారాను. మా చరిత్ర లెక్చరర్ ఆ చుట్టుపక్కల పాత కట్టడాల మీద చిన్న పుస్తకం రాశాడని, చెరువు మధ్యనున్న రాతి మండపం కూడా అందులో ఉందని చెప్పాను. ఏం రాసినాడని అడిగాడు పెద్దాయన. ప్రూఫులు దిద్దుతున్నది నేనే గనక వాక్యంతో సహా గుర్తుంది. "ఈ మండపాన్ని చెక్కిన శిల్పులెవరో తెలియదు. బహుశా దక్షిణాది నుంచి రప్పించి ఉంటారు."

సుత్తి ఆగిపోయింది. నేను చూస్తుండగా అది ఆగడం అదే మొదలు.

"రప్పించినారంటనా?" అన్నాడు. "మా తాతకు తాత చెక్కినాడప్పా దాన్ని. ఈడ నుంచి ఆడికి రప్పించేదేంది? సద్ది కట్టుకోని నడిచిపోయి సాయంత్రానికి ఇంటికొచ్చినాడు."

అప్పుడు చెప్పాడు సంగతి. వాళ్ళ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పని పూర్తయ్యాక ఇంటి గుర్తు ఒకటి చెక్కుతారు. అయితే చూసేవాళ్ళ కంట పడే చోట కాదు. ముందువైపంతా దేవుడికి వదిలేసి, ఎవరూ తొంగిచూడని వెనకవైపున, అంగుళమంత. ఎక్కడ పెట్టిందీ తండ్రి కొడుక్కి చెప్తాడు. ఆ కొడుకు తన కొడుక్కి. మూడో మనిషికి చెప్పడం ఉండదు. ఆ మండపంలోనూ అలాంటి గుర్తు ఉందని, ఎక్కడుందో తనకు తెలుసని అన్నాడు.

నడకకు వస్తానన్నాడు గాని ఒక షరతు పెట్టాడు. చరిత్ర సారును తోడుకొని రావాలి. పుస్తకం సోమవారం పొద్దున అచ్చుకెక్కుతుంది. మా నడక ఆదివారం. ఆ పుస్తకంలో ఒక్క వాక్యం మారాలి. ఆ సాయంత్రం ఆయనకు కావలసింది అంతకుమించి ఏమీ లేదు, అంతకు తక్కువకు ఒప్పుకునేటట్టూ లేడు.

లెక్చరర్ పిలవగానే వచ్చాడు. కోస్తావాడు. మాలో అసలు సముద్రం పక్కన పుట్టినవాడు ఆయనొక్కడే. నా కరపత్రం చదివి ఏమీ అనలేదు. మర్యాదస్తులతో ఇదే చిక్కు, మనం ఎంత తప్పు చేశామో తెలియనివ్వరు.

మొత్తం పన్నెండుమందిమి మధ్యాహ్నం బస్సెక్కాం. మాతో మిషన్ బడి హెడ్మిస్ట్రెస్ ఒకామె ఉండేది. అందరం టీచరమ్మ అనేవాళ్ళం. ఆదివారం ఆరాధన అవగానే చర్చి నుంచి నేరుగా బస్టాండుకే వచ్చేది. సంచిలో బైబిలు, దాని కింద పెద్ద స్టీలు డబ్బా నిండా ఉగ్గాణి, పైన మిరపకాయ బజ్జీలు. ఆమె గొంతు వింటే పెద్దవాళ్ళకు కూడా చేతులు కట్టుకోవాలనిపించేది. బస్సులో ఈత మాట వస్తే, నేను ఏడేళ్ళకే నేర్చుకున్నానని, మా ఊరి బావిలో నన్ను మించినవాడు లేడని చెప్పుకున్నాను. ఆ బావిలో దిగేది మేం నలుగురమే అన్న సంగతి ఎవరూ అడగలేదు గనక చెప్పలేదు. టీచరమ్మ తలూపింది. ఆమె ఏదైనా విని తలూపిందంటే, దాన్ని ఎక్కడో రాసి పెట్టుకున్నట్టే.

ఆళ్లగడ్డలో పెద్దాయన భుజాన తువ్వాలుతో సిద్ధంగా ఉన్నాడు. శనగ చేల మధ్య నుంచి చెరువు కట్ట మీదికి ఎక్కించాడు. కట్ట మొదట్లో కూలిపోయిన బురుజు ఒకటి, దాని పక్కన పాత తూము, దాని మీద రెండు రాతి స్తంభాలు. అక్కడినుంచి మాకు ఇద్దరు మార్గదర్శకులు తయారయ్యారు. లెక్చరర్ ఏ రాజు కాలంలో కట్టించారో చెప్పేవాడు. పెద్దాయన ఏ కొండలో రాయి కొట్టారో, బండి మీదికి ఎట్లా ఎత్తారో, దారిలో ఇరుసు ఎక్కడ విరిగి ఉంటుందో చెప్పేవాడు. ఒకాయన మాటల్లో అంతా సింహాసనాల మీద కూర్చున్నవాళ్ళు, ఇంకొకాయన మాటల్లో అంతా నడుం పట్టుకున్నవాళ్ళు. మా జనం మొదట లెక్చరర్ చుట్టూ ఉన్నారు. తూము దాటేసరికి ఒక్కొక్కరే పెద్దాయన పక్కకు చేరారు. లెక్చరర్ కూడా నోట్‌బుక్కు తీసి, ఇరుసు గురించి మళ్ళీ ఒకసారి చెప్పమన్నాడు. నాకు ఆయన మీద గౌరవం పుట్టింది అక్కడే.

కట్ట దిగి చెరువు చుట్టూ తిరిగితే జమ్ము మొదలైంది. మనిషెత్తు జమ్ము, దాని అడుగున మోకాలిబంటి బురద. నీటికోళ్ళు అరుస్తున్నాయి. కొంగలు మమ్మల్ని చూసి, ప్రమాదం లేనివాళ్ళని తేల్చుకుని, మళ్ళీ నీళ్ళలోకి చూసుకున్నాయి. పెద్దాయన ముందు నడుస్తూ, అడుగు పెట్టిన చోటే అడుగు పెట్టమన్నాడు. లెక్చరర్ ఒక అడుగు సొంతంగా వేశాడు. బురద ఆయన కుడికాలి బూటు తీసుకుంది. వెతికినా దొరకలేదు. తరవాతి తరాలవాళ్ళు ఎప్పుడో తవ్వితే అది ఏ రాజుదో తేల్చుకుంటారని టీచరమ్మ అంది. ఆయన రెండో బూటు కూడా విప్పి చేత్తో పట్టుకుని, మిగతా దారి మాలాగే నడిచాడు.

జమ్ము దాటి నల్లటి గట్టు మీదికి రాగానే మండపం కనిపించింది. నీళ్ళ మధ్యలో నాలుగు స్తంభాలు, మీద రాతి కప్పు. సగం వరకు మునిగి ఉంది. గట్టు నుంచి రెండు వందల గజాలు ఉండొచ్చు. పెద్దాయన మాట ప్రకారం అక్కడ చేపలు పట్టేవాళ్ళ పుట్టి పడవ ఒకటి ఉంటుంది. అందులో ముగ్గురు నలుగురం వెళ్ళి గుర్తు చూసి రావాలి.

పుట్టి ఉంది. గట్టు మీద బోర్లించి ఉంది. కొత్తగా తారు పూసి ఆరబెట్టారు. ఒకతను వేలు పెట్టి చూసి, ఆ వేలిని సాయంత్రమంతా ఏం చెయ్యాలో తెలియక పైకెత్తి పట్టుకునే తిరిగాడు. వలల దగ్గర కాపలా ఉన్న ముసలామె, మగవాళ్ళంతా సంతకు పోయారని, రేపు గాని రారని చెప్పింది.

ఎండాకాలం దాకా ఆగితే నీళ్ళు తగ్గుతాయి కదా, మోకాళ్ళ లోతులో నడిచిపోయి చూడొచ్చు అని లెక్చరర్ అన్నాడు. నిజమే. కాకపోతే అప్పటికి పుస్తకం వచ్చి అయిదు నెలలవుతుంది. అచ్చయిన మాటను తర్వాత ఎవరు దిద్దుతారు? పెద్దాయన నీళ్ళవైపు చూస్తూ నిలబడ్డాడు. లెక్చరర్ ఆయన దగ్గరికి వెళ్ళి, చాలా మెల్లగా అడిగాడు.

"మీరు ఆ గుర్తు చూశారాండీ?"

"లేదు సామీ."

"మరి?"

"మా నాయన చూసినాడు. కరువుకు చెరువెండినప్పుడు. నేనప్పుడు పనికి వేరే ఊరు పోయినాను. వచ్చేసరికి వానలు పడినాయి."

"తర్వాతైనా ఈది వెళ్ళి..."

"నాకు ఈత రాదు. రాళ్ళతో బతికినోణ్ణి, నాకు వచ్చేది మునగడమే." కొంచెం ఆగి, "నలభై ఏండ్లుగా ఊరందరికీ చెప్తాండా, ఉండాదని. ఇప్పుడది లేకపోతే, రేపు నా పందిరి కింద నేను ఏం మొగం పెట్టుకోని కూచోవాల?" అన్నాడు.

అప్పటిదాకా నాకు అది ఒక వాక్యం సంగతి. ఆయనకది నలభై ఏళ్ళ మాట అని అప్పుడు తెలిసింది. ఆ మాటను నేనే కదా వీధిలోకి లాగింది అనుకుంటూ ఉండగా, వెనకనుంచి టీచరమ్మ గొంతు వినిపించింది. ఈత వచ్చని బస్సులో చెప్పినవాళ్ళు మనలో ఒకరున్నారు కదా, అని.

పన్నెండు మొహాలు నావైపు తిరిగాయి.

ఇక ఏర్పాట్లు మొదలయ్యాయి. లెక్చరర్ ఒక న్యాయమైన మాట అన్నాడు. నేను వెళ్ళి ఏదో గీత చూసొచ్చి ఇదే అంటే సరిపోదు. గుర్తు ఎట్లా ఉంటుందో పెద్దాయన ముందే గీసి ఇవ్వాలి. అక్కడిది దానితో కలవాలి. ల్యాబులో నేను పిల్లలకు ఏడాది పొడుగునా చెప్పేదే ఇది, జవాబు ముందు రాయండి, తర్వాత కొలవండి అని. వాళ్ళు ఎప్పుడూ తిరగేసే చేస్తారు. పెద్దాయన నోట్‌బుక్కు కాగితం మీద గీశాడు: నిలువుగా ఒక ఉలి, దాని మీద అడ్డంగా మూడు గీతలు, కుడిపక్కన ఒక చుక్క. చుక్క పెట్టే ముందు పెన్సిలు గాలిలో ఆగింది. ఆగి, పెట్టాడు. చుక్క సంగతి మా నాయన రెండుసార్లు చెప్పినాడన్నాడు. లెక్చరర్ ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సాక్ష్యం తేవడానికి పెద్దాయన జమ్ములోంచి బంకమన్ను తీసి, రోట్లో పిండిలా పిసికి గట్టి ముద్ద చేశాడు. ఉగ్గాణి అందరం తినేశాం గనక డబ్బా ఖాళీ. ముద్ద అందులోకి వెళ్ళింది. డబ్బాను ఎవరిదో తువ్వాలుతో నా తల మీద కట్టారు. టీచరమ్మ ముసలామెను అడిగి వలకు కట్టే బెండ్లు నాలుగు తెచ్చి, తాడుతో నా నడుముకు బిగించింది. ఏడేళ్ళప్పుడు నాకు బెండ్లు కట్టారు. మళ్ళీ ముప్పై ఏళ్ళకు, తల మీద టిఫిను డబ్బాతో సహా. ఆర్కిమిడీస్ సూత్రం ఏటా రెండు వందలమందికి చెప్పే మనిషిని నేను.

సరే, దిగాను. నీళ్ళు చల్లగా ఉన్నాయి. మండపానికి గురి పెట్టుకుని బారలు వేశాను. బాగానే పోతున్నాననిపించింది. గట్టు మీదనుంచి కేకలు వినిపించాయి. ప్రోత్సాహం అనుకుని ఇంకా జోరు పెంచాను. కొంతసేపటికి చేతికి జమ్ము తగిలింది. మండపం దగ్గర జమ్ము లేదే అనుకుని తలెత్తి చూస్తే, ఎదురుగా టీచరమ్మ నిలబడి ఉంది. నేను బయలుదేరిన చోటికి ముప్పై గజాల ఎడమన గట్టెక్కాను.

"వచ్చేసినారా?" అంది. "ఏమైనా మరిచిపోయినారా?"

చెప్పుకోవడానికి సిగ్గే గాని, ఇది బావిలో నేర్చినవాళ్ళందరికీ ఉన్న జబ్బు. మా బావి గుండ్రటిది. కుడిపక్కన మెట్లు, ఎదురుగా గోడ, గోడ రాగానే ఎడమకు తిరగాలి. రౌండ్లు కొట్టడమే ఈత. ఇవాళ ఎంత ఈదావంటే గజాల్లో చెప్పరు, పన్నెండు రౌండ్లు అంటారు. పదేళ్ళు అట్లా ఎడమకు తిరిగి తిరిగి, ఎదురుగా గోడ లేకపోయినా ఒళ్ళు గోడ ఉన్నట్టే మలుపు తీసుకుంటుంది. నేరుగా ఈదాల్సిన అవసరం మా ప్రాంతంలో ఎవరికీ ఎప్పుడూ రాలేదు.

రెండోసారి కళ్ళు మండపం మీంచి తియ్యకుండా ఈదాను. ఈసారి నలభై గజాల ఎడమన గట్టెక్కాను. పట్టుదల పెరిగిన కొద్దీ వంపు కూడా పెరిగినట్టుంది. పొద్దు కట్ట మీదికి దిగుతోంది. కొందరు తలలు తిప్పుకుని నవ్వుకుంటున్నారు. పెద్దాయన నవ్వలేదు. రెండుసార్లూ నా ఈత మొదటినుంచి చివరిదాకా, రాయిలో పగులు వెతికేవాడిలా చూశాడు. పుల్ల తీసుకుని బురద మీద నేను వెళ్ళిన దారి గీశాడు. అది నెలవంకలా ఉంది. రెండో గీత మొదటిదాని మీద దాదాపు సరిగ్గా పడింది.

"నీ చెయ్యి ఒకే రకంగా తప్పు పోతాంది, మంచిదే," అన్నాడు. "నాది ఎడమ చేతి వాటం. చిన్నప్పుడు ఉలి వంకర పోయేది. మా నాయన చెయ్యి మార్చుకోమన్లా. రాయి తిప్పి పెట్టినాడు."

చూపుడువేలు, బొటనవేలు చాచి కంటి ముందు పెట్టుకుని ఎదుటి గట్టును కొలిచాడు. మండపానికి బాగా కుడిగా, దూరంగా, ఒంటరి తుమ్మచెట్టు ఒకటి ఉంది.

"మండపం దిక్కు చూడొద్దు. అది లేదనుకో. ఆ తుమ్మచెట్టుకు పో."

"తుమ్మచెట్టుకు పోతే తుమ్మచెట్టు దగ్గరికే పోతాను కదా పెద్దాయనా?"

"నువ్వా? యాడికని బయలుదేరితే ఆడికి పోయే మనిషివైతే ఇంత కత ఎందుకు? పో బేగా, పొద్దు పోతాంది."

మూడోసారి దిగాను. తుమ్మచెట్టు మీదే చూపు. నా మటుకు నేను నేరుగా పోతున్నాననే అనుకున్నాను. గట్టు మీద కేకలు ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దం భయపెట్టింది. తిరిగి చూడకూడదని చెట్టునే చూస్తూ చేతులు ఆడించాను. చెట్టు మెల్లగా కుడికి జరుగుతూ పోయింది. ఇక దాన్ని చూడాలంటే మెడ తిప్పాల్సి వచ్చేసరికి, తల మీది డబ్బా ఠంగుమని దేనికో తగిలింది. రాతి స్తంభం.

గట్టు మీద పన్నెండుమంది ఒకేసారి అరిచిన అరుపుకు చెరువులోని కొంగలన్నీ లేచాయి. మా గురించి వాటి అంచనా అప్పుడు మారి ఉంటుంది.

మూడో మనిషికి చెప్పనిది, నేను నీళ్ళలోకి దిగే ముందు పెద్దాయన నా చెవిలో చెప్పింది ఇది: తూర్పు వైపు కంబం, బయటి పక్క కాదు, వెనక పక్క, పద్మం కింద. తూర్పు వైపు స్తంభాలు రెండున్నాయి. మొదటిదాన్ని పట్టుకుని వెనకవైపు తడిమాను. పద్మం ఉంది, దాని కింద నున్నగా ఉంది. రెండోదానికి జరిగాను. పద్మం ఉంది, కింద ఏమీ లేదు. తువ్వాలు కొసతో రుద్దాను. నాలుగు వేళ్ళతో, తర్వాత గోళ్ళతో గీరాను. ఏమీ లేదు. గట్టువైపు చూశాను. అక్కడ ఒక చిన్న తెల్లటి బొమ్మలా పెద్దాయన కనిపించాడు, చేతులు రెండూ తల మీద పెట్టుకుని. ఆ నలభై ఏళ్ళ మాటకు లేదని జవాబు మోసుకుపోయే పని నాకు పడిందనుకున్నాను. మళ్ళీ మొదటి కంబానికి వచ్చి, ఊపిరి తీసుకోవడానికి దాన్ని వాటేసుకుని ఆగాను. మోకాలికి ఏదో ఉబ్బుగా తగిలింది.

పద్మాలు రెండు. ఒకటి పైన, ఇంకొకటి నీళ్ళలో. ఆయన తండ్రి చెరువెండినప్పుడు చూశాడు కదా, ఆయనకు కింది పద్మమే కంటి ఎదురుగా ఉండి ఉంటుంది.

చెయ్యి నీళ్ళలోకి దించాను. పాచి పట్టి జారుతోంది. గీరాను. పద్మం రేకు అడుగున వేలికొసకు సన్నటి గాడి తగిలింది. నిలువుగా. దాని మీద అడ్డంగా ఒకటి. రెండు. మూడు. చుక్క కోసం వేలు కుడికి జరిపాను. సగం జొన్నగింజ పట్టేంత గుంట, చల్లగా, వేలికొసను పట్టుకున్నట్టు దొరికింది.

ల్యాబులో అన్నేళ్ళు పనిచేసి, ముందు రాసుకున్న జవాబు అంత కచ్చితంగా కలవడం నేను ఎప్పుడూ చూడలేదు. అయినా సాక్ష్యం కావాలి. స్తంభానికి కాళ్ళు పెనవేసి డబ్బా విప్పాను, బంకమన్ను తీసి నీళ్ళలోనే గుర్తు మీద అదిమి, లాగి, చూడకుండానే డబ్బాలో పెట్టి మూత బిగించాను. చూస్తే ఎక్కడ జారవిడుస్తానో అని భయం.

తిరుగు ప్రయాణానికి పెద్దాయన ముందే ఏర్పాటు చేసి పెట్టాడు. మిగతావాళ్ళను ఒక చోట నిలబెట్టి, తాను తువ్వాలు పట్టుకుని గట్టు వెంట నా కుడిపక్కకు చాలా దూరం నడిచాడు. నేను ఆయన తువ్వాలుకు గురిపెట్టి ఈదాను. చేరింది టీచరమ్మ కాళ్ళ దగ్గరికి. ఆమె నన్ను చెయ్యి పట్టి లేపి, ముందు డబ్బాను, తర్వాత నన్ను తుడిచింది.

పెద్దాయన పరుగున వచ్చాడు గాని డబ్బా ముట్టుకోలేదు. సారునే తీయమన్నాడు. లెక్చరర్ మూత తీసి, జేబులోంచి కాగితం తీసి పక్కన పెట్టాడు. బంకమన్ను మీద గీతలు ఉబ్బుగా, తేటగా లేచి ఉన్నాయి. ఉలి ఉంది. మూడు గీతలున్నాయి. చుక్క ఉంది. ఎడమపక్కన.

"చుక్క ఇటువైపు ఉందండీ," అన్నాడు లెక్చరర్. ఆయన గొంతులో నిజంగా బాధ ఉంది.

నా వేలికి కుడిపక్కనే తగిలిందన్నాను గాని, సాక్ష్యం నా వేలు కాదు, మన్ను. టీచరమ్మ ఆ కాగితం తీసుకుని, తిరగేసి, దిగుతున్న పొద్దుకు అడ్డంగా ఎత్తి పట్టింది. వెనకనుంచి పెన్సిలు గీత కనిపించింది. చుక్క ఎడమపక్కన. ముప్పై ఏళ్ళుగా రబ్బరు స్టాంపు వేస్తున్నాను, అచ్చు తిరగబడదా అంది. లెక్చరర్ కాగితాన్ని, మన్నును, మళ్ళీ కాగితాన్ని చూశాడు. ఆయన మొహం మెల్లగా విచ్చుకుంది. తన వాక్యం తప్పయినందుకు అంత సంతోషించిన మనిషిని నేను తర్వాత కాలేజీల్లో చాలా వెతికాను.

అప్పుడు పెద్దాయన వంగి చూశాడు. చిటికెనవేలు గీతల మీద తాకీతాకనట్టు పోనిచ్చాడు. మూడో గీత దగ్గర ఆపాడు.

"ఇది వాలింది చూడు. ఎడమ చెయ్యి," అన్నాడు. చాలాసేపు డబ్బా వదల్లేదు. టీచరమ్మ కూడా అడగలేదు. ఆ డబ్బా మళ్ళీ ఆమె వంటింటికి పోలేదని తర్వాత తెలిసింది.

లెక్చరర్ సంచిలోంచి ప్రూఫు తీసి, బోర్లించిన పుట్టి తారు తగలకుండా మోకాలి మీద పెట్టుకుని, ఆ మాటల మీద అడ్డంగా ఒకటే గీత కొట్టాడు. కలం పట్టుకుని పెద్దాయనను చెప్పమన్నాడు. మీ తాతగారి తాతగారి పేరేమిటి, పూర్తి పేరు రాద్దాం అన్నాడు.

"పేరెందుకు సామీ? ఆళ్లగడ్డ పనోళ్ళు చేసినారు అని రాయి. సాలు."

"పేరు ఉండాలండీ. ఇంత కష్టపడి..."

"ముందర పెట్టుకోవాలనుకుంటే ఆయనే పెట్టుకుండు కదా. ఆయన వద్దనుకున్నది మనం పెడితే ఎట్లా?" పెద్దాయన కొంచెం ఆలోచించాడు. "అంత కావాలంటే ఆ గుర్తు బొమ్మ వెయ్యి. వెనక. ఎవురూ చూడని చోట."

లెక్చరర్ "ఆళ్లగడ్డ శిల్పులు చేశారు" అని రాశాడు. పెద్దాయన చదివించుకుని విన్నాడు. మళ్ళీ ఒకసారి చదవమన్నాడు. మూడోసారి అడగడానికి మొహమాటపడుతుంటే, టీచరమ్మ బడిలో పిల్లలకు వినిపించే గొంతుతో గట్టు అదిరేలా చదివింది. మాలో ఎవరో చప్పట్లు కొట్టారు. వలల దగ్గరి ముసలామె కూడా కొట్టింది, ఎందుకో తెలియకపోయినా.

కట్ట మీద తిరిగి వస్తుంటే అందరూ ఒకేసారి మాట్లాడారు. లెక్చరర్ ఉత్తికాళ్ళతో అందరికంటే ముందు నడిచాడు. నేను తడిబట్టల్లో వణుకుతున్నాను, ఎవరూ పట్టించుకోలేదు. అంత మంచి వణుకు నాకు మళ్ళీ రాలేదు.

సోమవారం లెక్చరర్ ప్రెస్సులో పొద్దంతా కూర్చున్నాడని తర్వాత విన్నాను. వెనక అట్ట లోపలివైపు, కింద మూలన, అంగుళమంత గుర్తు వెయ్యమంటే ప్రెస్సు ఆయనకు అర్థం కాలేదట. కింద పేరు లేదు, వివరం లేదు, సిరా మరక అనుకుంటారు, తీసేద్దాం అన్నాడట. మొదటి కాపీల్లో తీసేశాడు కూడా. ఎప్పుడూ గొంతు పెంచని లెక్చరర్ అక్కడ గొంతు పెంచి, మిషను ఆపించి, గుర్తు మళ్ళీ పెట్టించాడు. మరకే అనుకోనివ్వండి అన్నాడట.

ఆ వారంలోనే పుస్తకం తీసుకుని ఇద్దరం ఆళ్లగడ్డ వెళ్ళాం. పెద్దాయన చేతులు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని అందుకున్నాడు. ముందు అట్ట చూడలేదు, లెక్చరర్ పేరు చూడలేదు, మండపం ఉన్న పేజీ కూడా అడగలేదు. వెనకనుంచి తెరిచి, మూలన ఉన్న గుర్తు మీద బొటనవేలు పెట్టి కాసేపు రుద్దాడు.

"లోతు లేదు," అన్నాడు. పుస్తకాన్ని తువ్వాలులో చుట్టి చంకలో పెట్టుకుని, కొడుకును పిలవడానికి ఇంట్లోకి వెళ్ళాడు.